మొదటి షిఫ్టు దిగే వేళ

ఇప్పపువ్వు రాలే రోజులు. జంపక్క చీకటి విడవకముందే బుట్ట పట్టుకొని అడివంచుకు పోయి, ఎండ వాకిట్లోకి వచ్చేసరికి తిరిగొచ్చి, గోనెపట్టా మీద పువ్వు ఆరబోసేది. ఆ ఉదయమూ అదే పని మీద ఉంది. పొయ్యి దగ్గర కోడలు సుజాత జొన్నజావ కలుపుతోంది. సుజాత కూతురు, నాలుగేళ్ల సమత, చాప మీద నుంచి లేవమంటే లేవకుండా వెల్లకిలా పడుకొని పైకి చూస్తూ నవ్వుకుంటోంది.

"ఎవరితోనే ముచ్చట?" అని అడిగింది సుజాత.

"తాతతోని."

"ఏ తాత?"

"మన తాత. మొగమంత నల్లగున్నది. కండ్లు తెల్లగున్నయి."

సుజాత చేతిలో గరిటె ఆగిపోయింది. మామ భీమయ్య పోయేనాటికి సమతకు నెల కూడా నిండలేదు. పిల్లకు తెలిసిన తాత గోడ మీది ఫొటోలోని మనిషి. ఆ మనిషిది నున్నగా, పౌడరు అద్దినట్టు తెల్లటి మొగం. బొగ్గుబాయిలో ఇరవై రెండేళ్లు పనిచేసి ఇంటికొచ్చేటప్పటి మొగం ఎలా ఉండేదో ఈ పిల్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ పడలేదు.

సుజాత లేచి వచ్చి, పిల్ల చూస్తున్న వైపు చూసింది. గోడ మూలన నడుమెత్తు మట్టి దిమ్మె. దాని మీద ఆ ఇంటి పెద్దల కుండ. కుండ పక్కనే, మూత తెరిచి పెట్టిన కొత్త లాప్‌టాప్. ఊరికి అప్పుడే కరెంటు వచ్చినట్టుంది, అది పోతే ఆరి, వస్తే వెలిగేలా రవీందర్ పెట్టిన తెర దానంతటదే వెలిగి ఒకదాని తర్వాత ఒకటిగా ఫొటోలు చూపిస్తోంది. నిలబడి చూస్తున్న సుజాతకు తెర మీద మామ, గోడ మీది ఆ ఫొటోలోనే, తెల్లచొక్కాలో, కడిగిపోసిన రంగులో, ఉన్నాడో లేడో అన్నట్టు కనిపించాడు. ఆ వెంటనే బొమ్మ మారి ఎవరిదో పెళ్లి పందిరి వచ్చింది.

"యాడున్నడే నల్లగ?"

"పోయిండు," అంది సమత, చాలా మామూలుగా.

సుజాత పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. కొంచెం వెచ్చగా తగిలింది. లేక తన చెయ్యే చల్లబడిందేమో తెలియలేదు.

లాప్‌టాప్ ఆ ఇంటికొచ్చి అది అయిదో రోజు. సుజాత మొగుడు రవీందర్‌కు ములకలపల్లి సెంటర్లో చిన్న ఫొటో స్టూడియో ఉంది. రీలు కెమెరాల కాలం అయిపోయి, పెళ్లివాళ్లంతా కంప్యూటర్ ఆల్బమ్ కావాలనే రోజులొచ్చాయి. చేతిలో ఉన్నదంతా పెట్టి ఖమ్మం పోయి దాన్ని తెచ్చాడు. స్టూడియో తలుపుకు తాళం సరిగా పడదని ఇంట్లో పెట్టాడు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ప్లగ్గు పెద్దల మూలన ఉంది కాబట్టి కుండను ఒక జానెడు జరిపి, పక్కన దాన్ని కూర్చోబెట్టాడు. జంపక్క ఆ రోజు చూసింది కానీ ఏమీ అనలేదు. స్టూడియో నుంచి ఎత్తు స్టూలు కూడా తెచ్చుకొని రవీందర్ దాని మీద కూర్చొని పనిచేసేవాడు.

మూడో రోజుకే అతని మొగం వాడిపోయింది. తెర మీద ఒక రంగు కనిపిస్తోంది, కాగితం మీద ఇంకొకటి వస్తోంది. తండాలోని చాంది కూతురి పెళ్లి ఫొటోలు మసకగా ఉన్నాయనుకొని మొగాలన్నీ తెల్లబరిచాడు. ప్రింటులో పెళ్లికూతురు సున్నం కొట్టిన గోడలా వచ్చింది. చాంది ఆ ఫొటోను చాలాసేపు తిప్పి తిప్పి చూసి, ఇండ్ల మా పిల్ల ఏది రవీందరూ అని అడిగి, ఆల్బమ్ తీసుకోకుండా వెళ్లిపోయిందట.

దుకాణం వాళ్లు ఏడు రోజుల్లోపు డబ్బాతో సహా తెస్తే మారుస్తామన్నారు. తిరిగి ఇవ్వాలా, ఎట్లోకట్ల సర్దుకోవాలా అని రవీందర్ రోజూ ఉదయం జావ తాగేటప్పుడు సుజాతను అడిగేవాడు. ఆమె ఎనిమిదో తరగతిలో బడి మానింది. దాని మీటల మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలదు తప్ప మంచిచెడ్డలు చెప్పగలదా. అయినా అడిగేవాడు. పెళ్లిళ్ల రోజుల్లో ఒక రోజు పోగొట్టుకొని ఖమ్మం పోవాలి. పోతే ఆ షోరూం అబ్బాయి ఇంగ్లీషులో ఏదో అంటాడు, తను తల ఊపి మళ్లీ అదే పట్టుకొస్తానేమోనని అతని భయం.

ఆ ఉదయం మాత్రం సుజాత అతను అడగకముందే చెప్పింది.

"ఇచ్చెయ్ అయ్యా. నాకది మంచిగనిపిస్తలేదు."

తెర గురించే అనుకున్నాడు రవీందర్. ఇంకా రెండు రోజులున్నాయి కదా చూద్దామంటూ కెమెరా సంచి భుజాన వేసుకొని పెళ్లికి పోయాడు.

మధ్యాహ్నం ఊరంతా తలుపులేసుకొని పడుకుంది. కరెంటు లేదు. గాలి లేదు. సుజాత కునుకు తీస్తుంటే చెవి దగ్గర నీళ్లు మరిగే చప్పుడైంది. కళ్లు తెరిచి చూస్తే జంపక్క పొయ్యి మీది కాగు దించుతోంది. ఆ ఎండలో వేన్నీళ్లెందుకో సుజాతకు అర్థం కాలేదు. ముసలామె నీళ్లను బకెట్లో పోసి, చన్నీళ్లు కలిపి, మోచేయి ముంచి వేడి చూసి, దిమ్మె ముందు పెట్టింది. దండెం మీది తెల్ల తువ్వాలు తీసి మడతపెట్టి దిమ్మె అంచున వేసింది. తర్వాత గోడకు ఆనుకొని నేల మీద కూర్చొని, కాళ్లు చాపి, చీకటిగా ఉన్న తెర వైపు చూస్తూ ఉండిపోయింది. పక్కనే సమత, నాయనమ్మ లాగే కాళ్లు చాపుకొని.

గోడ గడియారంలో మూడున్నర. అప్పుడే కరెంటొచ్చింది. తెర వెలిగింది.

జంపక్క తమ కోయ మాటల్లో మెల్లగా ఏదో అంది. పొలం నుంచి వచ్చిన మనిషిని ఆలస్యమైందేమని అడిగినట్టుంది ఆ గొంతు. సమత కిలకిల నవ్వింది. లేచి గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడిన సుజాతకు అక్కడి నుంచి తెర మీద పాలిపోయిన వెలుతురు తప్ప ఏ మొగమూ కనిపించలేదు.

సాయంత్రం పిల్లను దగ్గరకు తీసుకొని మెల్లగా అడిగింది. తాత ఏమన్నా అంటడా అని. ఏమీ అనడని, స్నానం చేసి బువ్వ తిని పండుకుంటడని, అప్పుడు చప్పుడు చెయ్యొద్దని నాయనమ్మ చెప్పిందని సమత చెప్పింది.

ఆ రాత్రి సుజాత కూతుర్ని తన రెండు చేతుల మధ్య పెట్టుకొని పడుకుంది.

ఆరో రోజు ఉదయం ఇల్లు ఊడుస్తుంటే దిమ్మె అంచున తువ్వాలు అలాగే ఉంది. అందుకుంది. మడత విప్పింది. తెల్లటి బట్ట నడుమ నల్లటి మరక. తడి మొగాన్ని అదిమి తుడుచుకుంటే పడేంత వెడల్పు. పొయ్యి మసి అయ్యుంటుందనుకుంది. కాగు దించేటప్పుడు అత్త చేతులకు అంటి ఉంటుందనుకుంది. కానీ మసి అయితే వేళ్ల ముద్రలుండాలి కదా అని మనసు లోపలి నుంచి ఇంకొకరెవరో అడిగారు. తువ్వాలును కట్టెతో ఎత్తి తీసుకెళ్లి స్నానాల రాయి వెనక పడేసింది. ఉతకడానికి చేతులు రాలేదు.

పిల్ల ఒళ్లు మళ్లీ వెచ్చబడింది. సుజాత ఇక ఓపిక పట్టలేకపోయింది. రవీందర్‌తో రెండు మాటల్లో తేల్చి చెప్పింది. ఇవ్వాళ ఆ డబ్బా సర్దాలి, రేపు మొదటి బస్సుకు ఖమ్మం పోవాలి. లేకపోతే పిల్లను తీసుకొని జూలూరుపాడు పుట్టింటికి పోతుంది. రవీందర్ కారణం అడిగాడు. మీ అవ్వను అడుగు అంది. అప్పటికి అతని తీర్మానమూ కుదిరినట్టే ఉంది. మధ్యాహ్నం పెళ్లి పని ముగించుకొని, అటక మీది ఖాళీ డబ్బా దించి, దుమ్ము దులిపి, దిమ్మె దగ్గరకు వచ్చాడు.

మూడు దాటింది. బకెట్లో వేన్నీళ్లు ఆవిరి కక్కుతున్నాయి. దిమ్మె మీద కొత్త తువ్వాలు.

"దాన్ని కదిలియ్యకు," అంది జంపక్క కింద కూర్చున్నచోటి నుంచే.

"రేపు గడువైపోతది అవ్వ. తెర మంచిగ లేదు."

"మంచిగనే ఉన్నది. మీ అయ్య అండ్లున్నడు."

రవీందర్ నవ్వబోయి, తల్లి మొగం చూసి ఆగిపోయాడు. సుజాత మాత్రం ఆగలేదు. రెండు రోజులుగా లోపల కుక్కుకున్నదంతా ఒక్కసారి బయటపడింది.

"వింటున్నవా? రోజూ ఇదే వేళకు వేన్నీళ్లు పెడ్తది. దానితోని మాట్లాడ్తది. చిన్నపిల్లను పక్కన కూసోబెట్టుకొని సచ్చినోళ్లను చూపిస్తది. పిల్లకు జరమొస్తుంది అత్తా. నీకు దయ లేదా?"

జంపక్కకు కోపం రాలేదు. కోడలి వైపు తల ఎత్తి చూసింది.

"ఈ ఇంట్ల కాలువెట్టి ఆరేండ్లాయె. ఒక్కనాడన్న నా పక్కన కూసున్నవా బిడ్డా? నిలబడే అడుగుతవ్. నిలబడే పోతవ్. నువ్వు సూసిందేంది, నాకు చెప్పేదేంది?"

ఆ మాట సుజాతకు ఎక్కడో తగిలింది. నిజమే. ముసలామె మంచం మీదా కూర్చోదు, స్టూలు మీదా కూర్చోదు. బాయి దగ్గర కిరాయి ఇంట్లో ఉన్ననాటి నుంచీ నేల మీదే. అన్నం తెచ్చి ముందు పెట్టి సుజాత తన పనికి పోయేదే తప్ప, ఆ ఎత్తు నుంచి ఈ ఇల్లు ఎలా ఉంటుందో చూసింది లేదు. పిల్లను లాక్కొని పోవాలనుకున్న మనిషి, ఎందుకో తెలియకుండానే, అత్త పక్కన గోడకు ఆనుకొని కూర్చుంది.

కరెంటొచ్చింది.

ముందు ఎవరిదో పెళ్లి బొమ్మ. కింది నుంచి చూస్తుంటే పందిరి తెల్లదనమంతా నల్లబడి, పూలు బూడిద రంగులోకి తిరిగి, పెళ్లికొడుకు ఎవరో పోల్చరాకుండా ఉన్నాడు. బొమ్మ మారింది.

భీమయ్య. నుదురు, చెంపలు, ముక్కు అన్నీ బొగ్గు నలుపు. ఆ నలుపులో కళ్లు రెండూ తెల్లగా మెరుస్తున్నాయి. మీసం కూడా పొడి అంటినట్టు తెల్లగా ఉంది. తెల్లచొక్కా నల్లటి పని బట్టయింది. ఇప్పుడే చీకట్లోంచి పైకి వచ్చి, వెలుతురుకు కళ్లు అలవాటు పడక, గుమ్మంలో నిలబడి లోపల ఎవరున్నారో అని చూస్తున్నట్టుంది. ఆయన చూపు సరిగ్గా కింద కూర్చున్న వాళ్ల ఎత్తులోనే ఉంది.

"వచ్చిండు," అంది సమత మెల్లగా.

సుజాత అత్త చెయ్యి పట్టుకుంది. భయంతోనే పట్టుకుంది. ఆ చెయ్యి మాత్రం వదలలేదు.

రవీందర్ స్టూలు పక్కన నిలబడే ఉన్నాడు. అది తెర లోపమని, ఈ రకం తెరలను కింది నుంచి చూస్తే రంగులు తిరగబడతాయని, తెలుపు నలుపవుతుందని, వెనకటి రీలు నెగెటివ్ లాంటిదేనని ఓపిగ్గా చెప్పాడు. అందుకే మార్చాలంటున్నానన్నాడు. తల్లి అంతా విన్నది.

"అది లోపమో ఏందో నాకెరుక లేదు. నువ్వు మీ అయ్యను తెల్లగ చేసి గోడకు పెట్టినవ్. నాలుగేండ్లాయె, నేను ఒక్కనాడు ఆ ఫొటో దిక్కు సూడలే. ఎవరో పరాయి మొగోడు నన్ను సూసినట్టుంటది. ఇండ్ల నా మొగడు అగుపడ్డడు. ఇరవై రెండేండ్లు మొదటి షిఫ్టు దిగి గీ యాళ్లకే, గిట్లనే వచ్చిండు నా తాన్కి. నీకు మీ అయ్య గట్ల యాదికున్నడా, గిట్ల యాదికున్నడా? నువ్వు చెప్పు."

రవీందర్ చేతిలోని డబ్బాను మెల్లగా కింద పెట్టాడు. తర్వాత తనూ దిగి, తల్లి కాళ్ల దగ్గర నేల మీద కూర్చొని తల ఎత్తాడు. ఫొటోలు ఒక చుట్టు తిరిగి మళ్లీ ఆ బొమ్మ వచ్చేదాకా అలాగే చూశాడు.

"బడి గేటు కాడికి టిపిని డబ్బ తెచ్చిండు అవ్వ," అన్నాడు. "షిఫ్టు దిగి మొగం కడుక్కోకుండ అట్లనే వచ్చిండు, నాకు ఆకలైతదని. ఎవరురా అని దోస్తులడిగితే మా ఇంటికాడ పని చేసేటాయన అన్న. అయ్య ఇన్నడు. ఇని, టిపిని గేటుకు తగిలిచ్చి పోయిండు. ఇంటికొచ్చినంక ఏమన్లే. ఎన్నడు ఏమన్లే."

జంపక్క కొడుకు తల మీద చెయ్యి వేసింది. తనకు తెలుసంది. ఆ సాయంత్రమే ఆయన చెప్పాడట, నవ్వుతూ చెప్పాడట, పిల్లగాడు సిగ్గుపడ్డడు, రేపటి సంది మొగం కడిగి పోత అని. సుజాతకు కళ్ల నీళ్లు ఆగలేదు. ఎందుకు ప్రతి పెళ్లి ఫొటోలోనూ తన మొగుడు మొగాలన్నీ తెల్లబరుస్తాడో, ఇన్నేళ్ల కాపురంలో ఆ రోజు మొదటిసారి ఆమెకు అర్థమైంది.

తర్వాత ముసలామె అసలు మాట చెప్పింది. భీమయ్య ఊరుకాని ఊరి దవాఖానాలో పోయాడు. పోయినవాళ్లను పిలిచి పెద్దల కుండలో కలుపుకోవడం వాళ్ల ఇంటి ఆనవాయితీ. అయినవాళ్లంతా కూడాలని, చేతిలో డబ్బు ఆడాలని, వచ్చే ఏడు చేద్దామని రవీందర్ నాలుగేళ్లు దాటేశాడు. అంతకాలమూ ఆయన బయట ఎక్కడో, మొగం కడుక్కోవడానికి నీళ్లిచ్చే దిక్కు లేక తిరుగుతున్నాడని ఆమె కుమిలిపోయింది. కుండ పక్కన ఈ పెట్టె వచ్చి కూర్చున్నాక, ఆయన తొవ్వ వెతుక్కుంటూ గడప దాకా వచ్చాడు. ఇంకో జానెడు దూరమే ఉంది. ఇప్పుడు పెట్టె ఖమ్మం పోతే ఆయన కూడా దానితో పోతాడు. ఎవరో కొనుక్కుంటారు. ఎవరి ఇంట్లోనో ఉంటాడు. అదీ ఆమె భయం.

రవీందర్ వానలకు ముందే పెద్ద పిలుపు చేస్తానన్నాడు. కెమెరా అమ్మైనా చేస్తానన్నాడు.

"కెమెరా అమ్మితే ఏం తింటవ్ రా. పెద్ద పిలుపు అయినప్పుడే అయితది. రేపు పొద్దుగాల నువ్వు, నేను, నీ పెండ్లాం సాలు. చిన్నగ పిలుసుకుందాం. అటెన్క నీ డబ్బ నువ్వు తీస్కపో."

ఏడో రోజు ఎండ ఇంకా ఇంట్లోకి రాలేదు. నలుగురూ నేల మీద కూర్చున్నారు. తెర మీద ఆ ఒక్క బొమ్మనే నిలిపి ఉంచాడు రవీందర్. జంపక్క కొత్త ఇప్పపువ్వు నాలుగు రేకులు నీళ్లలో ముంచి తెరకు తాకించింది. కోయ మాటల్లో పిలిచింది. మూడోసారి తను పిలవకుండా కొడుకు వైపు చూసింది. రవీందర్ తండ్రిని, చిన్నప్పుడు గేటు దగ్గర పిలవని పిలుపు, అయ్యా అని పిలిచాడు. ముసలామె రేకులను కుండలో వేసి మూత పెట్టింది.

అప్పుడే తెర ఆరిపోయింది. బ్యాటరీ అయిపోయిందన్నాడు రవీందర్. ఎవరూ కాదనలేదు.

"ఇగ తీస్కపో," అంది జంపక్క, ఎండిన పువ్వు సంతకు పంపుతున్నంత మామూలుగా.

అతను లాప్‌టాప్‌ను డబ్బాలో సర్దాడు. గోడ మీది ఫొటో కూడా దించి, దాన్ని ల్యాబులో దిద్దించకముందటి అసలు బొమ్మ సీడీలో ఉంది, ఉన్న రంగులో కడిగించుకొస్తానన్నాడు. చాంది పిల్ల ఆల్బమ్ సంగతి కూడా అదే నోటితో చెప్పాడు. మొదటి బస్సు అందుకోవడానికి పోతూ పోతూ గుమ్మంలో ఒకసారి వెనక్కి తిరిగి దిమ్మె వైపు చూశాడు.

మధ్యాహ్నం మూడు గంటల వేళ సుజాత తనే పొయ్యి ముట్టించబోయి, నీళ్లు పెట్టనా అత్తా అని అడిగింది. ఇగ ఎందుకు బిడ్డా, ఇంట్లకొచ్చిండు గద అని ముసలామె నేల మీదే ఒక పక్కకు ఒరిగి నిద్రపోయింది. ఎన్నాళ్ల నిద్రో, నోరు కొద్దిగా తెరుచుకొని పసిపిల్లలా పడుకుంది.

సుజాత స్నానాల రాయి దగ్గరకు వెళ్లి, వెనక పడేసిన తువ్వాలును ఈసారి చేత్తోనే తీసింది. సబ్బు రుద్దింది. మరక తొందరగా వదల్లేదు. నీళ్లు నల్లగా పారి మునగచెట్టు మొదట్లోకి ఇంకిపోయాయి. మసి ఇంత నలుపు దిగుతుందా అని అనుకోలేదు. ఎవరినీ అడగలేదు. తెల్లగా ఉతికి దండెం మీద ఆరేసి లోపలికి వచ్చింది.

సమత జ్వరం దిగి, చాప మీద బోర్లా పడుకొని ఖాళీ దిమ్మె వైపు చూస్తోంది. సుజాత వెళ్లి పక్కన పడుకుంది.

"తాత ఏడే?"

పిల్ల పెదవుల మీద వేలు పెట్టుకొని, ఇంకో చేత్తో కుండను చూపించింది.

"పండుకున్నడు," అంది గుసగుసగా.

గడియారం మూడున్నర దాటింది. కరెంటొచ్చి ఫ్యాను తిరగసాగింది. చెయ్యాల్సిన పనులు చాలా ఉన్నాయి. సుజాత లేచి, గాజులు చప్పుడు కాకుండా మోచేతుల దాకా పైకి నెట్టుకొని, గిన్నెలను ఒక్కొక్కటే మెల్లగా వాకిట్లోకి మోసుకుపోయింది.